మీ ఫాంటసీ క్యాంపెయిన్‌ని కామిక్‌గా మార్చడం ఎలా?

టేబుల్‌టాప్ ఆర్‌పీజీ, అంటే బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా పాచికలతో కథ నడిపే ఆట, ఆడేవాళ్ళు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది: "మా క్యాంపెయిన్‌ని (నెలల తరబడి సాగే ఆ కథని) కామిక్‌గా గీయాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి?" కొందరు అప్పటికే మొదలుపెట్టేసి, పదో పేజీ దగ్గర ఇరుక్కుపోయి అడుగుతారు. తీరా చూస్తే పదో పేజీలో కూడా హీరోలింకా సత్రంలోనే కూర్చుని ఒకరికొకరు పరిచయాలు చేసుకుంటుంటారు.

ఈ ఇద్దరికీ పనికొచ్చేలా రాస్తున్నాను. ముందే ఒక మాట. సెషన్‌లో జరిగిందంతా గీయడం మీ పని కాదు. నాలుగు గంటల ఆటలో పాత్రలు నిజంగా ఏదో ఒకటి తేల్చుకోవలసి వచ్చిన సందర్భాలు మహా అయితే నాలుగైదుంటాయి. కామిక్ నడిచేది వాటి మీదే. పాచికలు, రూల్సు, లెక్కలు అన్నీ వాటి వెనక్కి వెళ్ళిపోవాలి.

కావలసినవి

- సెషన్ నోట్సు. డీఎం (ఆట నడిపించే వ్యక్తి) రాసుకున్నవీ, ఆటగాళ్ళు రాసుకున్నవీ రెండూ తెప్పించుకోండి. రెండింటికీ పొంతన కుదరకపోతే ఇంకా మంచిది, ఎవరి మనసులో ఏది నిలిచిపోయిందో తెలుస్తుంది.
- క్యారెక్టర్ షీట్లు, అంటే ఒక్కో పాత్ర వివరాలు రాసుకునే కాగితాలు. అంకెలున్న ముందు పేజీ కన్నా బ్యాక్‌స్టోరీ ఉన్న వెనక పేజీ ముఖ్యం.
- యుద్ధాలు జరిగిన మ్యాపుల ఫొటోలు.
- మామూలు తెల్ల కాగితాలు, పెన్సిలు. థంబ్‌నెయిల్స్‌కి (పేజీల చిన్న చిత్తు బొమ్మలకి) టాబ్లెట్ అక్కర్లేదు.
- బొమ్మలకి మీకు అలవాటైన ఏ సాఫ్ట్‌వేరైనా సరే. ఉచితంగా కావాలంటే క్రిటా ఉంది. అక్షరాలకి ఇంక్‌స్కేప్ గానీ స్క్రైబస్ గానీ.
- ఈ ఆటలంటే ఏమిటో తెలియని పాఠకుడు ఒకరు. చివర్లో అవసరమవుతారు, ఇప్పుడే మాట తీసుకుని పెట్టుకోండి.

సెషన్ల ఆడియో రికార్డింగు ఉంటే బంగారమే. కాకపోతే అది అందరికీ తెలిసి చేసిన రికార్డింగై ఉండాలి.

1. ఎనిమిది పేజీలకు సరిపడే ముక్క ఎంచుకోండి

క్యాంపెయిన్ మొత్తం జోలికి వెళ్ళకండి. అమెరికన్ నెలవారీ కామిక్ ఒక సంచికలో కథ ఇరవై, ఇరవై రెండు పేజీలే ఉంటుంది. అది కూడా రచయిత, పెన్సిలర్, ఇంకర్, కలరిస్టు, లెటరర్ అని ఇంతమంది కలిసి చేసే పని. మీరు ఒక్కరో ఇద్దరో ఉంటారు. పేజీకి ఐదు ప్యానెళ్ళ లెక్కన ఎనిమిది పేజీలంటే నలభై బొమ్మలు, మొదటిసారికి అది చాలు.

ముక్క సరైనదో కాదో చూసుకోవడానికి ఈ ఖాళీలు నింపండి: "వాళ్ళు ____ కోసం వెళ్ళారు, కానీ ____ వదులుకోవాల్సి వచ్చింది." రెండో ఖాళీ నిండకపోతే ఆ సెషన్ ఆడినప్పుడు ఎంత సరదాగా ఉన్నా పక్కన పెట్టి ఇంకోటి చూడండి.

సత్రంలో పరిచయాలు వద్దు. గుహ ముఖం దగ్గరో, తాళం వేసిన తలుపు దగ్గరో, పారిపోతూనో మొదలుపెట్టండి. ఎవరెవరో పాఠకుడికి నడకలోనే తెలుస్తుంది.

ఇంకో దారి కూడా ఉంది. టేబుల్ మీద అసలు ఆడని కథని, అంటే పార్టీ (హీరోల జట్టు) ఏర్పడక ముందు సంగతిని గీయొచ్చు. తమ ఆటని ఇంటర్నెట్‌లో ప్రసారం చేసే క్రిటికల్ రోల్ బృందం చేసింది అదే. వాళ్ళ ఆట ప్రత్యక్ష ప్రసారం మొదలయ్యేనాటికే ఆ క్యాంపెయిన్ సగంలో ఉంది. 2017లో డార్క్ హార్స్ సంస్థ తెచ్చిన 'వాక్స్ మాకినా ఆరిజిన్స్' ఆ ప్రసారానికి ముందు ఆ గుంపు ఎలా కలిసిందో చెప్పింది. ఆట చూసినవాళ్ళకి కొత్త కథ దొరికింది, చూడనివాళ్ళకి మొదటి నుంచి మొదలయ్యే కథ దొరికింది.

2. అనుమతులు, హక్కులు

విసుగనిపించినా పెన్సిలు పట్టకముందే తేల్చుకోండి. ఇందులో రెండు వేర్వేరు సంగతులున్నాయి.

మొదటిది మీ టేబుల్, అంటే మీతో ఆడేవాళ్ళు. ప్రతి పాత్రా ఒక ఆటగాడిది, ప్రపంచం డీఎంది. గ్రూపులో నోటిమాటగా "ఓకే రా" అనిపించుకుని ఊరుకోకండి. నాలుగు లైన్లు రాసి అందరిచేతా సరేననిపించండి: పాత్ర పేరు, రూపం మార్చొచ్చా, కథలో చంపొచ్చా, డబ్బు వస్తే ఎలా పంచుకోవాలి, ఎవరైనా మధ్యలో తప్పుకుంటే వాళ్ళ పాత్ర ఏమవుతుంది. స్నేహాలు చెడేది ఎక్కువగా ఆఖరి ప్రశ్న దగ్గరే.

రెండోది ప్రచురణకర్త. గోబ్లిన్, ట్రోల్, డ్రాగన్ జానపదాల నుంచి వచ్చినవి, ఎవరి సొత్తూ కాదు. బిహోల్డర్, మైండ్ ఫ్లేయర్ లాంటివి డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) అనే ఆట సొంతంగా పుట్టించుకున్నవి. 2023 జనవరిలో ఆ ఆట ప్రచురణకర్త విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ దాని ఐదో ఎడిషన్ మూల నియమాల పత్రం ఎస్‌ఆర్‌డీ 5.1ని క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేసింది. అందులో ఉన్న సరుకుని, వాళ్ళు అడిగిన విధంగా మూలం పేర్కొంటే, అమ్ముకునే పుస్తకంలో కూడా వాడుకోవచ్చు. ఫర్‌గాటెన్ రెల్మ్స్ లాంటి వాళ్ళ ప్రపంచాలు మాత్రం అందులోకి రావు. ఆ ఊళ్ళూ దేవుళ్ళూ మీ కామిక్‌లో ఉండి తీరాలంటే వాళ్ళ ఫ్యాన్ కంటెంట్ పాలసీ చదవండి. దాని కింద మీ పని అందరికీ ఉచితంగా దొరకాలి, అనధికారికమని చెప్పాలి. అమ్మడం కుదరదు.

కొని ఆడిన అడ్వెంచర్ మాడ్యూల్ (సిద్ధంగా రాసి అమ్మే కథ) అయితే అందులోని పాత్రలు, ఊళ్ళు, మ్యాపులు, డీఎం చదివి వినిపించే వాక్యాలు అన్నీ దాని హక్కుదారులవే. వాటిని మీ సొంత పేర్లతో, సొంత మ్యాపులతో తిరగరాయండి. డీ అండ్ డీ ఆడుతూ చేసిన 'ది అడ్వెంచర్ జోన్' పాడ్‌కాస్ట్ మొదలైంది ఐదో ఎడిషన్ స్టార్టర్ సెట్‌లోని కథతోనే. అది 2018లో గ్రాఫిక్ నవలగా వచ్చినప్పుడు ఆ మాడ్యూల్‌లోని పేర్లు కొన్ని మారిపోయాయి. ఇందులో చిన్నతనమేమీ లేదు. డీ అండ్ డీ తొలి ముద్రణల్లో టోల్కీన్ నవలల్లోని హాబిట్లే ఉండేవి, హక్కుదారుల అభ్యంతరం వచ్చాక హాఫ్లింగులయ్యాయి.

3. నోట్సుని చీటీలుగా చేసి, సగం చించేయండి

ఒక్కో సంఘటనని ఒక్కో చీటీ మీద ఒక్క వాక్యంలో రాయండి. టేబుల్ మీద పరచండి. తర్వాత ఇవి తీసేయండి: కొనుగోళ్ళు, విశ్రాంతులు, రూల్సు మీద వాదనలు, "రెండో గోబ్లిన్ గుంపు", దారి తప్పి వెనక్కి వచ్చిన ప్రతిసారీ. ఒకే పని రెండుసార్లు జరిగితే బాగా పోయినదాన్ని ఉంచుకోండి.

హాజరు సమస్య ప్రతి గ్రూపులోనూ ఉండేదే. ఎవరో ఆ వారం రాలేదు కాబట్టి ఆ పాత్ర గుహ బయట "గుర్రాలు కాసింది". కామిక్‌లో ఇది చెల్లదు. ఆ ఎనిమిది పేజీల్లో ఆ పాత్ర పూర్తిగా ఉండాలి, లేదా అసలు ఉండకూడదు. ఆరుగురు హీరోలుంటే ఇద్దరిని ఈ కథ నుంచి తప్పించడమే మంచిది. చిన్న ప్యానెల్‌లో ఆరు ముఖాలు, ఆరు మాటల బెలూన్లు పట్టవు.

టేబుల్ మీద పొట్ట చెక్కలయ్యేలా నవ్వించిన జోకుల్లో చాలావరకు ఇక్కడే రాలిపోతాయి. ఆ జోకు ఆటగాడిదా, పాత్రదా అని అడగండి. ఆటగాడిదైతే పాఠకుడికి అందదు.

4. టేబుల్ కనపడాలా, వద్దా?

మొదటి పేజీ గీయకముందే ఒకటి ఎంచుకుని చివరిదాకా దాన్నే పట్టుకోండి.

*కథాప్రపంచం మాత్రమే.* ఆటగాళ్ళు, పాచికలు ఎక్కడా కనపడరు. డీసీ కామిక్స్ 1988లో మొదలుపెట్టిన అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ సిరీస్ నుంచి ఐడీడబ్ల్యూ సంస్థ 2010 తర్వాత తెచ్చినవాటి దాకా అధికారిక కామిక్స్‌లో ఎక్కువభాగం ఈ దారివే. మొదటిసారి గీసేవాళ్ళకి నా సలహా ఇదే.

*డీఎం గొంతు వినిపించడం.* పాత్రలు మాట్లాడుతుంటే డీఎం ప్యానెల్‌లోకి తొంగిచూసి అడ్డుపడతాడు. అడ్వెంచర్ జోన్ పుస్తకాలు ఈ పద్ధతిలోవే. ఆటగాళ్ళ మధ్య వెటకారమే మీ కథకి ప్రాణమైతే ఇది బాగుంటుంది. కాకపోతే గుండె బరువెక్కాల్సిన సన్నివేశంలో కూడా ఆయన్ని నోరు మూసుకోమనడం కష్టం.

*రూల్సు తెలిసిన పాత్రలు.* తాము ఒక ఆటలో ఉన్నట్టే పాత్రలు మాట్లాడతాయి. రిచ్ బర్లూ 2003 నుంచి వెబ్‌లో గీస్తున్న 'ది ఆర్డర్ ఆఫ్ ది స్టిక్' దీనికి పెద్ద ఉదాహరణ. చెయ్యి తిరిగినవాళ్ళకే వదిలేయండి. రూల్సు తెలియని పాఠకుడు మొదటి జోకు దగ్గరే దిగిపోయే ప్రమాదముంది.

మూడింటినీ కలపాలని చూడకండి. ఐదో పేజీలో హఠాత్తుగా పాచిక దొర్లితే, అప్పటిదాకా నిజమనుకున్న ప్రమాదం అక్కడితో ఆటైపోతుంది.

5. పాత్రలకి ఒక్కో షీటు గీయండి

ప్రతి పాత్రనీ ముందు, పక్క, వెనక నుంచి ఒకే కాగితం మీద గీయండి. అందరినీ వరసలో నిలబెట్టి ఎత్తుల తేడా ఖరారు చేయండి. తర్వాత అందరినీ పూర్తిగా నల్లరంగుతో నింపండి. నల్లటి నీడల్లోంచి ఎవరు ఎవరో గుర్తుపట్టగలిగితే డిజైను కుదిరినట్టు. ఇద్దరు కలిసిపోతున్నారంటే ఒకరి టోపీనో, జుట్టునో, ఆయుధాన్నో మార్చండి.

ఆటలో సామాన్లు వారం వారం మారతాయి. కామిక్‌లో అలా కాదు. ఈ ఎనిమిది పేజీలకి ఎవరి దగ్గర ఏముందో రాసి గోడకి అంటించండి. నడుముకి కట్టిన సంచి ఎడమ వైపా, కుడి వైపా అన్నది కూడా రాయండి. మూడో పేజీకల్లా మారిపోయేది అదే.

6. పాచికని పర్యవసానంగా మార్చండి

అసలు పని ఇక్కడుంది, కాబట్టి ఒక ఉదాహరణ పట్టుకుని నిదానంగా చూద్దాం. నోట్సులో ఇలా ఉందనుకోండి (చీమ, ఇరావతి, భైరవ అన్నవి పాత్రలు, నాక్ స్పెల్ అంటే తాళాలు తెరిచే మంత్రం, అంకెలు ఇరవై ముఖాల పాచిక మీద పడ్డవి, ఎంత ఎక్కువైతే అంత మంచిది):

"భూగర్భ గుడి, నీళ్ళు పెరుగుతున్నాయి. ఇనుప తలుపు. చీమ తాళం తియ్యబోయింది: 9, 11, ఆఖరికి 1. పుల్ల విరిగింది, అందరం నవ్వు. ఇరావతి నాక్ స్పెల్ వెయ్యనంది, చప్పుడవుతుందని. భైరవ గొడ్డలితో తలుపు కొట్టాడు, 17. ట్రోల్ లేచింది."

టేబుల్ మీద ఇది అరగంట. ఉన్నదున్నట్టు గీస్తే: చీమ ప్రయత్నించింది, రాలేదు, ప్రయత్నించింది, రాలేదు. పాఠకుడికి విసుగు. ఇక్కడ మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ పాచికతో ఎవరు ఏం పోగొట్టుకున్నారు? ఎవరి మాట చెల్లలేదు? తర్వాతి ప్రమాదానికి ఇది ఎలా దారి తీసింది?

చీమ క్యారెక్టర్ షీటు వెనక "తాళం పుల్లలు గురువు ఇచ్చినవి" అని ఒక లైనుంది. ఆట మధ్యలో అది ఎవరికీ గుర్తు రాలేదు, కామిక్‌కి మాత్రం అదే కావాలి. నాక్ స్పెల్ చప్పుడు మూడొందల అడుగుల దాకా వినిపిస్తుందన్న రూలు పాఠకుడికి అక్కర్లేదు, "చప్పుడు చెయ్యొద్దు" అన్న భయం మాత్రం కావాలి. ఇప్పుడు పేజీ స్క్రిప్టు ఇలా వస్తుంది:

*ప్యానెల్ 1, వెడల్పుగా.* తలుపు ముందు ముగ్గురు. నీళ్ళు భైరవ మోకాళ్ళ దాకా, పొట్టిదైన చీమకి నడుం దాకా. ఇరావతి: "చప్పుడు చెయ్యొద్దు. అవతల ఏదో నిద్రపోతోంది."
*ప్యానెల్ 2.* చీమ వేళ్ళు దగ్గరగా. ఎముక పిడి ఉన్న పుల్ల, పిడి మీద చెక్కిన చిన్న గుర్తు. ఒకటో పేజీలో గురువు మెడలో కనిపించిన గుర్తే. మాటల్లేవు.
*ప్యానెల్ 3.* అదే కోణం. నీళ్ళు చీమ ఛాతీ దాకా. పుల్ల కాస్త వంగింది. భైరవ: "ఇంకెంతసేపే?" చీమ: "వస్తోంది అన్నా."
*ప్యానెల్ 4, చాలా చిన్నది.* పుల్ల రెండు ముక్కలు. శబ్దం: "టిక్".
*ప్యానెల్ 5.* చీమ ముఖం. వెనక భైరవ గొడ్డలి ఎత్తాడు. ఆపడానికి చాచిన ఇరావతి చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.
*పేజీ తిప్పగానే, పేజీ మొత్తం ఒకే బొమ్మ.* తలుపు బద్దలవుతోంది. అవతలి చీకట్లో రెండు కళ్ళు.

మూడు ప్రయత్నాలు రెండు బొమ్మల్లో సరిపోయాయి. కాలం గడవడాన్ని నీటిమట్టం చెబుతోంది కాబట్టి "కాసేపటికి" అన్న క్యాప్షన్ అక్కర్లేదు. టేబుల్ మీద నవ్వు తెప్పించిన ఆ ఒకటి అంకె ఇక్కడ గుండె కలుక్కుమనిపిస్తోంది. తలుపు తెరుచుకునే బొమ్మ పేజీ తిప్పాకే కనపడుతోంది. ఎదురెదురు పేజీల్లో ఉంటే కన్ను ముందే అటు పారిపోయి గుట్టు రట్టవుతుంది, కాబట్టి ఇలాంటి బొమ్మ ఎప్పుడూ ఎడమ చేతి పేజీలోనే పడాలి.

హెచ్చరిక: నాచురల్ ట్వంటీ (పాచిక మీద ఇరవై) వచ్చిందని గెలుపుని గొప్పగా గీయాలనిపిస్తుంది. పాఠకుడికి ఆ పాచిక కనపడదు, కనపడేది ఊరికే కలిసొచ్చిన అదృష్టం. ఆ గెలుపుకి కారణం రెండు పేజీల ముందే నాటండి: పాత్ర చూసిన పగుళ్ళు, నేర్చుకున్న పట్టు, దాచుకున్న బాణం. చెడిపోయిన పాచికలకి ఈ శ్రమ లేదు. దురదృష్టాన్ని పాఠకుడు ఇట్టే నమ్ముతాడు.

7. యుద్ధాలు

డీ అండ్ డీలో ఒక రౌండు, అంటే అందరికీ తలా ఒక టర్ను (వంతు) వచ్చే చుట్టు, ఆరు సెకన్లు. నలుగురు హీరోలు, ముగ్గురు శత్రువులు, నాలుగు రౌండ్లు అనుకుంటే మొత్తం ఇరవై ఎనిమిది టర్నులు. కథలో గడిచేది ఇరవై నాలుగు సెకన్లు. ఒక్కో టర్నుకి ఒక్కో ప్యానెల్ ఇచ్చారంటే మీ ఎనిమిది పేజీల్లో ఆరు దానికే పోతాయి. మూడు పేజీలు మించనివ్వకండి.

మూడు ఘట్టాలే ఉంచండి: వాళ్ళ ఎత్తు చెడిన క్షణం, ఎవరో మూల్యం చెల్లించిన క్షణం, పోరు మలుపు తిరిగిన క్షణం. మిగతా దెబ్బలన్నీ ఒకే పెద్ద బొమ్మలో కలిపేయండి. ఇనిషియేటివ్ వరస, అంటే ఎవరి తర్వాత ఎవరన్న లెక్క, మరిచిపోండి. ఒకడు కొడుతుంటే మిగతావాళ్ళు చేతులు కట్టుకుని నిలబడటం టేబుల్ మీద చెల్లుతుంది గానీ బొమ్మలో చెల్లదు.

పోరు మొదట్లో ఒక్క వెడల్పాటి ప్యానెల్ తప్పనిసరి. ఎవరు ఎక్కడున్నారు, తలుపెక్కడ, గొయ్యెక్కడ, అన్నీ అందులో తెలియాలి. మ్యాపు ఫొటోలు అందుకే తెమ్మన్నాను. ఆ తర్వాత దిక్కు మార్చకండి. హీరోలు ఎడమ నుంచి కుడికి కదులుతున్నారంటే పోరు ముగిసేదాకా అటే. మనం చదివేదీ ఎడమ నుంచి కుడికే కాబట్టి ఆ కదలికకి ఊపొస్తుంది.

హిట్ పాయింట్లతో (పాత్ర ఎంత దెబ్బ తట్టుకోగలదో చెప్పే అంకెతో) పెద్ద చిక్కుంది. అరవై పాయింట్ల ఫైటర్ నలభై ఐదు పోగొట్టుకుని కూడా అదే జోరుతో కత్తి తిప్పుతాడు. ఐదు కత్తిపోట్లు తిని గంతులేసేవాణ్ణి గీస్తే ఎవరూ నమ్మరు. మొదటి దెబ్బలని డాలు మీది సొట్టగా, చిరిగిన అంగీగా, ఎగశ్వాసగా గీయండి. నెత్తురు ఒక్క ఆఖరి దెబ్బకే. క్లెరిక్ (పూజారి పాత్ర) క్షణంలో గాయం మాన్పేసే మంత్రం కూడా ఇలాంటిదే. ఆ మంత్రానికి ఏదో ఒక ఖరీదు పెట్టండి, లేదా యుద్ధం అయ్యాకే వాడనివ్వండి.

మంత్రాల పేర్లు అరిపించకండి. చేతి భంగిమ, వెలుగు, దెబ్బ తగిలిన చోటు, ఈ మూడూ చూపిస్తే చాలు. ఒక్కో మంత్రగాడికి ఒక్కో రంగు కేటాయిస్తే ఎవరి మంత్రమో చెప్పక్కర్లేదు.

8. థంబ్‌నెయిల్స్, తర్వాత అసలు బొమ్మలు

ఒక కాగితం మీద ఎనిమిది చిన్న డబ్బాలు గీసి, ఒక్కో డబ్బాలో ఒక్కో పేజీని పుల్లబొమ్మలతో గీయండి. బెలూన్లు కూడా ఇక్కడే. చాలామంది బొమ్మ పూర్తిచేశాక బెలూన్‌కి చోటు వెతుకుతారు, అప్పటికి మిగిలేది హీరో ముఖం ఒక్కటే. ముందు మాట్లాడేవాళ్ళని ఎడమ వైపు నిలబెట్టండి, లేకపోతే బెలూన్ తోకలు ఒకదాన్నొకటి దాటుకుంటాయి.

కాగితం మీద గీస్తే అమెరికన్ కామిక్ పద్ధతిలో 11 బై 17 అంగుళాల షీటు సౌకర్యం, అచ్చులో అది చిన్నదవుతుంది. ఏ4 అయినా ఇబ్బంది లేదు. స్కానింగు నలుపు-తెలుపు గీతలకి 600 డీపీఐ, రంగులకి కనీసం 300. అచ్చు వేయించేట్టయితే అంచుల చుట్టూ మూడు మిల్లీమీటర్లు అదనంగా గీయండి, కోతలో పోతుంది. ఫోన్‌లో చదివించడానికే అయితే పేజీలు మానేసి నిలువు పట్టీలా గీయొచ్చు. అప్పుడు పేజీ తిప్పే కిటుకు ఉండదు కాబట్టి ఆ బొమ్మకి ముందు పొడవాటి ఖాళీ వదలాలి.

గీయడం రాదా? ఆర్డర్ ఆఫ్ ది స్టిక్‌లో మనుషులు పుల్లబొమ్మలే. దాని పాత పుస్తకాల పునర్ముద్రణకి 2012లో కిక్‌స్టార్టర్ అనే చందాల సైటులో పది లక్షల డాలర్లకి పైగా వచ్చాయి. మీ మినియేచర్లని (ఆటలో వాడే చిన్న బొమ్మల్ని) ఫొటోలు తీసి బెలూన్లు అతికించినా కామిక్ అవుతుంది. సినిమా స్టిల్స్ వాడటం మాత్రం వద్దు, హక్కుల తలనొప్పి. చిత్రకారుడితో పని చేయిస్తుంటే ఈ ఎనిమిది డబ్బాల కాగితం, పాత్రల షీట్లు, మ్యాపు ఫొటోలు కలిపి ఇవ్వండి. మీ నూరు పేజీల ప్రపంచ చరిత్ర పంపకండి, ఎవరూ చదవరు.

9. తెలుగు లెటరింగ్

ఇంగ్లిష్ కామిక్ సలహాలు ఇక్కడ నేరుగా పనికిరావు. మన అక్షరానికి పైన గుడులు, కొమ్ములు, కింద ఒత్తులు. వరసల మధ్య దూరం బాగా పెంచకపోతే పై వరస ఒత్తు కింది వరస గుడిలో ఇరుక్కుంటుంది. నేను అక్షరం సైజుకి దాదాపు ఒకటిన్నర రెట్లు ఇస్తాను. బెలూన్‌కి పది పన్నెండు మాటలు దాటనివ్వను.

మాటలు పొడుగ్గా సాగుతాయి. "తప్పించుకుందామనుకుంటున్నావా" అన్నది ఒక్కటే ఒక వరస. దాన్ని మధ్యలో విరిస్తే అసహ్యంగా ఉంటుంది. బెలూన్‌ని నిలువుగా కాక అడ్డంగా సాగదీయండి, లేదా "పారిపోతావా?" అని మార్చండి. మారిస్తేనే మేలు, పోరులో ఉన్నవాడు అంత పొడుగు మాట అనడు.

మొదలుపెట్టేముందు సాఫ్ట్‌వేర్‌కి పరీక్ష పెట్టండి: "స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న, శస్త్రం" టైపు చేయండి. ఒత్తులు విడిపోయి పక్కన పడితే అది తెలుగుకి సిద్ధంగా లేదు. ఫొటోషాప్ పాత వెర్షన్లలో అయితే టైప్ సెట్టింగుల్లో వరల్డ్-రెడీ లేఅవుట్ ఎంచుకోవాలి. ఇంక్‌స్కేప్, స్క్రైబస్ కొత్త వెర్షన్లలో యూనికోడ్ ఫాంట్లు సరిగ్గానే వస్తాయి. మండలి, రామభద్ర, సూరన్న లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. బెలూన్‌లోకి మండలి లాంటి తేలికైనది, కేకలకి రామభద్ర లాంటి లావుది తీసుకోండి. చప్పుళ్ళని మాత్రం చేత్తో గీయండి. ఫెళ్, ఛళ్ళు, బుడుంగ్, ధడేల్: మనకి లేనివా! ఫాంటులో పెడితే చప్పబడిపోతాయి.

ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారో ఒక పట్టిక వేసుకోండి. చీమ భైరవని "అన్నా" అంటుంది, ఇరావతిని "మీరు" అంటుంది. ఒక పేజీలో "మీరు", ఇంకో పేజీలో "నువ్వు" అని తెలియకుండా మారిందంటే పాఠకుడు తడబడతాడు. కావాలని మార్చారంటే అది కథలో పెద్ద సంఘటన. పుల్ల విరిగాక చీమ మొదటిసారి ఇరావతిని "నువ్వు" అంటే, కోపం అని రాయక్కర్లేదు. డ్వార్ఫ్ అయినా ఎల్ఫ్ అయినా గ్రాంథికంలో మాత్రం దంచకండి. పాత దేవతలకో, శాసనాలకో దాన్ని దాచుకోండి.

డీఎం చదివి వినిపించిన వర్ణనలని క్యాప్షన్లలో అతికించడం నేను అన్నిటికన్నా ఎక్కువగా చూసే తప్పు. "చీకటి గుహలో తడి గోడలు మెరుస్తున్నాయి" అని రాసి, కింద తడి గోడలు గీస్తారు. రెండింట్లో ఒకటి కొట్టేయండి, ఎప్పుడూ వాక్యాన్నే.

అంకెలు, స్టాట్లు పెట్టాలనే ఆశ ఉంటే వాటికి చోటు కథ అయ్యాక. డైనమైట్ సంస్థ 2012లో మొదలుపెట్టిన పాత్‌ఫైండర్ కామిక్స్ సంచికల చివర ఆటకి వాడుకునే మ్యాపులు, వివరాలు ఇచ్చేవి. ఆడేవాళ్ళకి అదొక బహుమతి, మిగతావాళ్ళు పేజీ తిప్పేస్తారు.

10. ఫలితం సరిచూసుకోవడం

ఈ పరీక్షలు రంగులు వేయకముందే చేయండి, ఆ తర్వాత మార్చడానికి మనసొప్పదు.

- బెలూన్లన్నీ చెరిపేసి చదివించండి. ఎవరు ఏం చేశారో, ఎవరికి ఏం పోయిందో తెలియాలి.
- బొమ్మలు మూసి బెలూన్లు మాత్రమే చదవండి. కథ పూర్తిగా అర్థమైపోతే మాటలు ఎక్కువైనట్టే.
- ఫోన్‌లో, చెయ్యి చాచిన దూరంలో పెట్టి చూడండి. ఒత్తులు కనపడకపోతే అక్షరం పెంచండి.
- మొదట్లో మాట తీసుకున్న ఆ పాఠకుడికి ఇవ్వండి. పక్కన కూర్చుని వివరించకండి. చదవడం అయ్యాక రెండే ప్రశ్నలు: "చీమకి ఏం పోయింది? తలుపు బద్దలు కొట్టడం ఎందుకు తప్పయింది?" జవాబు రాకపోతే తప్పు ఆ పాఠకుడిది కాదు. ఏ ప్యానెల్ దగ్గర వెనక్కి తిరిగి చూశారో గమనించండి, దిద్దాల్సింది దాని ముందు ప్యానెల్‌ని.
- చివరగా మీ ఆటగాళ్ళకి. "ఇది ఇలా జరగలేదు" అని తప్పకుండా అంటారు, పట్టించుకోనక్కర్లేదు. "నా పాత్ర ఇలా అనదు" అంటే మాత్రం ఆ బెలూన్ మార్చండి. ఆ గొంతు మీకన్నా వాళ్ళకే బాగా తెలుసు.